కొంగలు కాసే వంపు

ఆ పొద్దున తాతబ్బాయి గురువుగారి దగ్గరికి బయల్దేరింది బోధ వినడానికి కాదు. ఒక్క మాట అడిగి, ఆయన చేత ఊ అనిపించుకుని రావడానికి.

సొంత తమ్ముణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికి సెలవు కావాలి. అదీ ఆ మాట.

తమ్ముడు గవర్రాజు సారా తాగుతాడు. నీళ్ళలా తాగుతాడని ఊళ్ళో అంటారు గానీ అది తప్పు. నీళ్ళు దాహమేసినప్పుడే తాగుతాం. మూడేళ్ళలో మూడుసార్లు తాతబ్బాయి అతన్ని మోసుకొచ్చాడు, ఒకసారి పడవల రేవులోంచి, ఒకసారి సంత వెనక నుంచి, ఇంకోసారి ఏటి ఇసకలోంచి. మోసుకొచ్చిన ప్రతిసారీ తలంటి పోశాడు. పెరుగన్నం కలిపి పెట్టాడు. గురువుగారి పాదాల మీద ఒట్టు వేయించి, గంటసేపు తనకు తెలిసిన బోధంతా చెప్పి, "ఇంక నువ్వు బాగుపడ్డావురా తమ్ముడూ, ఎల్లిరా" అని పొద్దుగూకక ముందే అతని గుడిసెకు సాగనంపాడు. అన్నదమ్ములిద్దరూ ప్రతిసారీ కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. చూసినవాళ్ళు అన్నంటే అలా ఉండాలి అనేవారు.

ఒట్టు ఒకసారి ఇరవై రోజులు నిలిచింది. ఒకసారి వారం. మూడోది మర్నాటి మధ్యాహ్నానికే గంగలో కలిసింది.

ఇది నాలుగోసారి. ఈసారి గవర్రాజుకు లేచి నిలబడే ఓపిక కూడా లేదు కాబట్టి సాగనంపడం కుదరలేదు. నాలుగు రోజులుగా అన్నగారి పశువుల పాకలోనే పడి ఉన్నాడు. చేతులు వణుకుతాయి. గోడ మీద ఏవో పాకుతున్నాయంటాడు. కాసేపు అన్నయ్యా అని ఏడుస్తాడు, కాసేపు అదే అన్నయ్యను బూతులు తిడతాడు. ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. తాతబ్బాయి భార్య నాగరత్నం మంచి మనిషి. ఆమె కూడా నిన్న పొయ్యి దగ్గర కూర్చుని, "మీ తమ్ముడో నేనో తేల్చండి" అనలేదు గానీ, అనే మొహం పెట్టింది.

తాతబ్బాయి అలిసిపోయాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతున్నాడు. ఎవరైనా పిలిస్తే రెండోసారికి గానీ తల తిప్పడం లేదు. తమ్ముడి మీద కోపం కూడా రావడం మానేసింది, అదే అతనికి ఎక్కువ భయం వేసింది.

మరి సొంత ఇంట్లోంచి సొంత తమ్ముణ్ణి పంపడానికి గురువు సెలవెందుకు అంటారా? అన్నదమ్ములిద్దరూ సింగన్న గురువు దగ్గరే బోధ తీసుకున్నారు. ఒకే చేతి మీదుగా బోధ పుచ్చుకున్నవాళ్ళు ఒక పొయ్యి మీద తిన్నవాళ్ళతో సమానమని వాళ్ళలో లెక్క. ఒకరి మొహం మీద ఒకరు తలుపు వేసుకోవాలంటే గురువు చెవిన వేయాలి. ఆయన ఊ అంటే అప్పుడు వేసుకోవచ్చు. ఆ కట్టుబాటును ఇన్నాళ్ళూ అందరికీ గట్టిగా చెప్పింది పెద్ద శిష్యుడైన తాతబ్బాయే.

సింగన్న గురువుకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కాషాయం లేదు, గడ్డం లేదు, మఠం లేదు. శబరి ఏటి ఒడ్డున తాటాకు గుడిసె, మొలకు ఒక పంచె, చూరులో దోపిన గాలం కర్రలు రెండు. గురువై ఉండి చేపలు తింటాడా అని ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళు లేకపోలేదు. చేపలు పట్టే పల్లెవాళ్ళ ఇంట పుట్టి, ఏటి మీద బతికి, ఆయన ఇంకేం తింటాడు? అడిగినవాళ్ళకు ఆయన కూర పెట్టేవాడు. తిన్నాక వాళ్ళు మళ్ళీ అడిగేవారు కాదు.

అయితే చేపల విషయంలో ఆయనకొక నియమం ఉంది. ఎండాకాలంలో శబరి ఇసక మేటల మధ్య చిక్కిపోయి, బండల దగ్గర మడుగులు కట్టి, నీళ్ళు అద్దంలా తేరుకుంటాయి. అప్పుడు గాలానికి రెండు రకాలు పడతాయి. ఒకటి పరిగె. అది ఎంత బతికినా జానెడే. రెండోది శీలావతి పిల్ల. అదీ ఈ కాలంలో జానెడే ఉంటుంది గానీ, బతకనిస్తే మనిషి చెయ్యంత అవుతుంది, వానలు పడి ఎర్రనీరు దిగగానే ఎదురెక్కి వెళ్ళి గుడ్లు పెడుతుంది. చేతిలోకి తీసుకుంటే రెండూ ఒకేలా మెరుస్తాయి. పెదవి అంచు చూసి పోల్చుకోవాలి. పరిగెను కూరకు ఉంచుకో, శీలావతి పిల్లను ఏటికిచ్చెయ్. అదీ నియమం.

ఇచ్చెయ్యడంలో తాతబ్బాయి తర్వాతే ఎవరైనా. పదిహేను వేసవుల నుంచీ పెద్దబండ మీద నిలబడి, పడిన పిల్లను గాలం నుంచి విడదీసి, కళ్ళకద్దుకుని, "పో తల్లీ, బతికిపో" అని మడుగు మధ్యకు విసిరేవాడు. చేప గాల్లో ఒకసారి మెరిసి బుడుంగుమని పడేది. ఒడ్డున గుడ్డలుతికే ఆడవాళ్ళు కూడా చెయ్యాపి చూసేవారు. ఈ లోకంలో తిన్నదాని కంటే వదిలినదాని రుచే ఎక్కువ కాలం నిలుస్తుంది. తాతబ్బాయి ఆ రుచి బాగా మరిగినవాడు.

ఆ పొద్దున అతను వచ్చేసరికి గురువు గుడిసె ముందు కూర్చుని మోకాళ్ళకు ఆముదం రాసుకుంటున్నాడు.

"గురువుగారండి, ఒక మాట మనవి సేసుకోవాలండి."

ఆయన తలెత్తి చూశాడు. శిష్యుడి కళ్ళ కింద నలుపు, చింపిరి జుట్టు, తిరగేసి తొడుక్కున్న చొక్కా అన్నీ చూశాడు.

"మాటేమీ ఎగిరిపోదు గానీ, ముందు కూరకి నాలుగు పరిగెలు అట్టుకురా. ఎండెక్కితే కొరకవు. నేను కింది వంపు కాడుంటాను, అక్కడికొచ్చెయ్."

తాతబ్బాయికి చిరాకేసింది. ఇల్లు అంటుకుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది అనుకున్నాడు. కానీ గురువు చెప్పాక గాలం తీయక తప్పుతుందా? చూరులోంచి కర్ర లాగి, కొబ్బరిచిప్పలో ఎరకు నాలుగు ఎర్రలు వేసుకుని బండ మీదికి వెళ్ళాడు.

రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయంటారే, అవే రోజులు. పొద్దు బారెడు ఎక్కకముందే బండ కాలడం మొదలుపెట్టింది. తాతబ్బాయి ఎర గుచ్చి దారం వదిలాడు. దారానికి కట్టిన జీలుగు బెండు నీళ్ళ మీద నిలబడింది. దాన్ని చూస్తూ చూస్తూ అతను కూర్చున్నచోటే కునికాడు. బెండు మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. అతను ఉలిక్కిపడి లాగేసరికి పరిగె పడింది. అలా నాలుగు పడ్డాయి, బుట్టలో తడి ఆకుల కింద వేశాడు.

అయిదోసారి బెండు పక్కకు జరిగింది. దారం బిగిసింది. మామూలుగా అయితే తాతబ్బాయి రెండు గుంజుల్లో తీసేవాడు. ఆ రోజు చేతుల్లో సత్తువ లేదు, మనసు పాకలో ఉంది. చేప అటు పోతే అటు పోనిచ్చాడు, ఇటు వస్తే ఇటు. చాలాసేపు ఆడించి పైకి తీశాడు. శీలావతి పిల్ల. కుడి దవడ దగ్గర గాలం లోతుగా దిగింది. దాన్ని కాలే బండ మీద పెట్టి, పొడి చేత్తో అదిమి, గాలం మెలితిప్పి తీశాడు. కళ్ళకద్దుకున్నాడు.

"పో తల్లీ, బతికిపో."

విసిరాడు. బుడుంగుమంది. ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి అతని గుండె కొంచెం తేలికపడింది. తమ్ముడు చేసే పాపం ఎంతున్నా, ఈ ఏరు నా పక్కన సాక్షి చెబుతుంది అనుకున్నాడు. కాసేపటికి ఇంకో పిల్ల పడితే దాన్నీ అలాగే విసిరాడు. ఆ తర్వాత బుట్ట తీసుకుని కింది వంపుకు నడిచాడు.

బండకు ఒక కేక దూరంలో ఏరు మలుపు తిరుగుతుంది. మడుగులోంచి జారిన నీళ్ళు అక్కడ రాళ్ళ మధ్య సన్నగా పారి, వంపు లోపల నెమ్మదిస్తాయి. పదిహేనేళ్ళలో తాతబ్బాయికి అక్కడ పనేమీ పడలేదు. చేపలు పడేది పైన, దారి పైనుంచి, ఇల్లు పైవైపు. కిందికి ఎందుకు వస్తాడు?

గురువు మోకాలి లోతు నీళ్ళలో అటు తిరిగి వంగుని ఉన్నాడు. రెండు చేతులూ నీళ్ళలోనే ఉన్నాయి. మొహం కడుక్కుంటున్నాడేమో అనుకుని తాతబ్బాయి ఒడ్డున నిలబడ్డాడు. ఎంతకీ ఆయన లేవలేదు. ఇక ఆగలేక ఆ వంగిన వీపుకే చెప్పడం మొదలుపెట్టాడు.

"మా గవర్రాజండి. మళ్ళీ తాగేడండి."

"ఊ."

"నాలుగు రోజులయిందండి పాకలో పడేసి. నేను నిద్దరోయి నాలుగు రోజులయింది. మా ఆడమనిషి కూడా ఇంక సెయ్యలేదండి. నేనేం తక్కువ సేసేనండి ఆడికి? మూడుసార్లు మోసుకొచ్చేను. మూడుసార్లు ఒట్టేయించేను. మీరు నాకు సెప్పిన బోధంతా ఆడికి సెప్పేను. కట్టాలన్నీ ఒదిలిపోయినాయిరా, ఎల్లి బతకరా అని పంపేను."

"పంపి?"

"పంపి ఏంటండి? పంపేను."

 గురువు వీపు మీద చెమట కాలువ కట్టి పంచెలోకి జారుతోంది.

"ఇయ్యాళ మధ్యాన్నం ఆణ్ణి పంపేద్దామనుకుంటన్నానండి. ఎక్కడికైనా పోనీండి. ఏట్లో పడితే పడనీండి."  తాతబ్బాయి బుట్ట కింద పెట్టి అన్నాడు, "ఒకే సేతి మీద బోధ తీసుకున్నోళ్ళం గదండి. మీరు ఊ అంటే సాలండి. నావల్ల కాదండి ఇంక."

గురువు ఊ అనలేదు. చేతులు కదపలేదు. తాతబ్బాయికి ఒళ్ళు మండింది. వినబడలేదేమో అని రెండడుగులు నీళ్ళలోకి దిగి పక్కకు వచ్చి చూశాడు.

ఆయన దోసిట్లో చేప ఉంది. తల ఎదురునీటి వైపు పెట్టి, ఒక అరచెయ్యి పొట్ట కింద, రెండో చెయ్యి తోక దగ్గర, పట్టీ పట్టనట్టు పట్టుకున్నాడు. చేప ఒక పక్కకు ఒరిగిపోతోంది. ఆయన చిటికెనవేలితో నిలబెడుతున్నాడు. మళ్ళీ ఒరుగుతోంది. మళ్ళీ నిలబెడుతున్నాడు. మొప్పలు మాత్రం ఎప్పుడో ఒకసారి తెరుచుకుంటున్నాయి.

కుడి దవడ చీరి ఉంది.

తాతబ్బాయి ఆ చీలిక వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తలెత్తి వంపు లోపలికి చూశాడు. నీళ్ళు నెమ్మదించే చోట, రాళ్ళ సందుల్లో, తెల్లగా నాలుగైదు ఇరుక్కుని ఉన్నాయి, పొట్టలు పైకి. ఏవీ ఆనాటివి కావు. అవతలి ఇసకలో కొంగలు అయిదు వరసగా నిలబడి ఉన్నాయి. చుట్టపుచూపుగా వచ్చినవాటిలా తొందరేమీ లేదు వాటికి. ఏటి పొడుగునా ఇంకెక్కడా కొంగ లేదు.

"ఇయ్యన్నీ..." అన్నాడు తాతబ్బాయి.

"బండ మీంచి వచ్చినయ్యే."

"నేను వదిలేసేనండి ఇయ్యి! నీళ్ళలోకే ఇసిరేనండి!"

"ఇసిరేవు. మునిగింది సూసేవు. తేలింది కొంగలు సూసినియ్యి."

 పదిహేను వేసవులు. రోజుకు రెండనుకున్నా ఎన్ని? అతను లెక్క మొదలుపెట్టి భయపడి మానేశాడు. పుణ్యమనుకుని ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా ఆ రాళ్ళ సందుల్లో వాసన వేస్తోంది.

"మీకు ఎప్పటినుంచి తెలుసండి?"

"రెండు ఏసవుల్నించి. మోకాళ్ళు పడిపోయి బండెక్కలేక ఇక్కడికొచ్చి కూకున్నాక. నేను మాత్తరం? అరవై యేళ్ళు ఆ బండ మీంచే ఇసిరేను. మా గురువూ ఇసిరేడు. ఆయన్ని సూసి నేను, నన్ను సూసి నువ్వు."

"మరి నాకు సెప్పలేదేంటండి?"

"సెప్తే ఇనేవోడివా? ఆ బండ మీద నువ్వు ఎంత ఎత్తున కూకున్నావో నీకు తెల్దు. దిగమంటే దిగుతావా?"

తాతబ్బాయి తల వంచుకున్నాడు. అప్పుడు తోచింది అతనికి. రెండు వేసవులుగా రోజూ, తను పైన కళ్ళకద్దుకుని విసిరిన చేపల్ని, ఈ ముసలాయన ఇక్కడ నడుం వంచి ఏరుకుంటున్నాడు. ఒక్కసారి కూడా పైకి కేకేసి చెప్పలేదు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

గురువు చేతుల్లో చేప ఒకసారి వణికింది. తోక ఆడింది. ఆయన వేళ్ళు విప్పి అలాగే ఉంచాడు. అది కాసేపు ఆ అరచేతి నీడలోనే నిలబడింది. తర్వాత ఎప్పుడు వెళ్ళిందో తెలియకుండా వెళ్ళిపోయింది. ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని అమ్మా అనుకుంటూ లేచాడు.

లేచి ఇంకా ఊపిరి తీసుకోలేదు. పైనుంచి రాళ్ళ మధ్యగా ఇంకొకటి తెల్లగా దొర్లుకుంటూ వచ్చింది.

"నీదే. రెండోది" అన్నాడు ఆయన. "నా నడుం అయిపోయింది. అట్టుకో."

తాతబ్బాయి గబుక్కున వంగి అందుకున్నాడు.

"నలిపెయ్యకు. నీ సేతులు ముందు తడవనీ. తల నీటికి ఎదురెట్టు. అదీ. నువ్వు దాన్ని ఈదించమాక. నీళ్ళు దాని నోట్లోంచి మొప్పల్లోకి పోతాయి, ఆ పని అయ్యి సేసుకుంటాయి. నువ్వు ఒరక్కుండా సూడు, సాలు."

తాతబ్బాయి పట్టుకున్నాడు. చేప బరువే లేదు. దాని కన్ను ఒకటి ఆకాశం వైపు ఉంది, దాంట్లో ఏమీ కనిపించలేదు. అతను నిలబెట్టాడు, అది ఒరిగింది. నిలబెట్టాడు, ఒరిగింది. కొంతసేపటికి మొప్పలు కదిలాయి. తోక చిన్నగా ఆడింది. హమ్మయ్య అనుకుని చేతులు తీసేశాడు.

చేప రెండు బారలు పోయింది. మెల్లగా పక్కకు తిరిగింది. పొట్ట తెల్లగా కనిపించింది. అవతల ఒక కొంగ ఒక కాలు కిందపెట్టి మెడ సాచింది.

"అందుకో" అన్నాడు గురువు.

నీళ్ళు చిందుకుంటూ పరిగెత్తి అందుకున్నాడు. మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. ఎండ నడినెత్తికి వస్తోంది. మెడ మీద కాలుతోంది, కాళ్ళు నీళ్ళలో నాని రాళ్ళ మీద జారుతున్నాయి. మళ్ళీ తోక ఆడితే మళ్ళీ వదిలాడు. అది మళ్ళీ తిరగబడింది. మూడోసారి అందుకున్నప్పుడు అతనికి ఏడుపొచ్చింది. చేప కోసమో, తన నడుం నొప్పికో, పాకలో ఉన్నవాడి కోసమో అతనికే తెలియదు. నీళ్ళలోకి వంగి ఉన్నాడు కాబట్టి ఎవరికీ తెలియకుండా ఏడ్చాడు.

"బతుకుద్దాండి?" అన్నాడు చివరికి.

"నాకు తెల్దు."

"తెలవకుండానే అట్టుకోవాలాండి?"

గురువు ఒడ్డున రాయి మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. 

"ఎంతసేపండి?"

"ఏమో. అది ఎల్లేదాకా."

"సేతులు నొప్పెడతన్నాయండి."

"నొప్పెడితే సెయ్యి మార్చుకో. సేప మీద ఇసుక్కోకు."

తాతబ్బాయి చెయ్యి మార్చుకున్నాడు. ఎడమచెయ్యి పొట్ట కిందికి, కుడిచెయ్యి తోక దగ్గరికి. కాసేపు బాగుంది. తర్వాత అదీ నొప్పెట్టింది. ఇందాక తాను ఇక్కడే నిలబడి చెప్పిన మాటలు అతనికి ఒక్కొక్కటీ వినబడుతున్నాయి. తన గొంతే, ఎవరో పరాయివాడు మాట్లాడినట్టు. మూడుసార్లు మోసుకొచ్చేను. మూడుసార్లు పంపేను. పంపి?

పక్కన నీళ్ళు కదిలాయి. గురువు ఎప్పుడు దిగాడో, వచ్చి పక్కన వంగాడు. ఏమీ అనకుండా తన రెండు చేతులూ తాతబ్బాయి చేతుల కిందికి పోనిచ్చాడు. ముడతలు పడిన చేతులు, చల్లగా ఉన్నాయి. చేప ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదికి మారింది. దానికి తెలియలేదు కూడా.

"నడుం ఎత్తుకో కాసేపు" అన్నాడు.

తాతబ్బాయి లేచి నిలబడ్డాడు. వెన్నులో ఎముకలు పటపటమన్నాయి. దోసెడు నీళ్ళు మొహం మీద కొట్టుకున్నాడు, రెండు గుక్కలు తాగాడు. ముసలాయన కాళ్ళు వణుకుతున్నాయి. ఎక్కువసేపు ఉండలేడు. తాతబ్బాయి మళ్ళీ వంగి, ఆయన చేసినట్టే, ఆయన చేతుల కింద చేతులు పెట్టి తీసుకున్నాడు.

అలా ఎంతసేపు గడిచిందో. కొంగల్లో రెండు విసుగెత్తి లేచిపోయాయి. బుట్టలో పరిగెల మీద ఆకులు ఎండిపోయాయి. తాతబ్బాయి ఇంక తోక వైపు చూడటం మానేశాడు. మొప్పలు ఎన్నిసార్లు తెరుచుకున్నాయో లెక్కపెట్టడం మానేశాడు. ఊరికే పట్టుకుని ఉన్నాడు.

చేప తనంతట తాను బిగిసింది. అరచేతిలో ఏదో గట్టిపడినట్టు తెలిసింది. అప్పుడు కూడా అతను చేతులు తీయలేదు. వేళ్ళు విప్పి ఉంచాడు. అది కాస్త ముందుకు జరిగింది, వెనక్కి జారింది, మళ్ళీ ముందుకు జరిగింది. ఆ తర్వాత అతని దోసిట్లో నీళ్ళు మాత్రమే ఉన్నాయి.

చాలాసేపు చూశాడు. అది తేలలేదు. కొంగలు కూడా చూశాయి. వాటికీ కనబడలేదు.

తాతబ్బాయి ఒడ్డుకు వచ్చి కూర్చున్నాడు. చేతులు ఎలా వంచాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. గురువు ఒడ్డున ఉంచిన తువ్వాలు తడిపి అతని మెడ మీద వేశాడు. 

"గురువుగారండి."

"ఊ."

"పొద్దున మా గవర్రాజు గురించి ఒక మాట అడిగేనండి."

"ఇన్నాను."

"ఇంక అడగనండి."

ఆయన తల ఊపాడు. చేతికర్ర ఊతం చేసుకుని లేచాడు. తాతబ్బాయి బుట్ట తీసుకుని గుడిసె వైపు రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. గురువు అటు రావడం లేదు. ఇసకలోకి దిగి ఊరి వైపు నడుస్తున్నాడు.

"ఎక్కడికండి ఈ ఎండలో?"

"మీ పాక కాడికి."

"మీరెందుకండి! ఇసక కాలిపోతంది. రెండేళ్ళయింది మీరు ఊళ్ళోకొచ్చి. నేను సూసుకుంటానండి, నేనుండగా మీకెందుకండి?"

ముసలాయన ఆగలేదు. కర్ర ఇసకలో దిగబడితే పీక్కుని, ఇంకో అడుగు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నీ సేతులు నొప్పెడతన్నాయి గదరా."